సుయ్‌బియెన్ కత్తి జియాంగ్ చెంగ్ చేతిలో బయటికొచ్చిన సీన్: వెయ్ ఊషియాన్ ముందే చెప్పి ఉండాల్సిందా? (మో దావో జూ షి, స్పాయిలర్లు)

కొలనుగట్టు

అందరికీ నమస్కారం. మో దావో జూ షి నిన్న రాత్రి పూర్తి చేశాను. ఒక చైనీస్ నవల ఆధారంగా 2018లో మొదలై 2021లో ముగిసిన యానిమేషన్ సిరీస్, మూడు సీజన్లూ కలిపి 35 ఎపిసోడ్లు, ఇన్నాళ్ళకు నాకు కుదిరింది. చూడనివాళ్ళు దయచేసి ఇక్కడే ఆగిపోండి, కింద కథ గుట్టంతా ఉంది. మర్చిపోయినవాళ్ళకు ఒక్క మాట: వెయ్ ఊషియాన్, జియాంగ్ చెంగ్ ఒకే ఇంట్లో అన్నదమ్ముల్లా పెరిగి, తర్వాత శత్రువులైనవాళ్ళు. వెయ్ ఊషియాన్ ముట్టడిలో చచ్చిపోయి 13 ఏళ్ళకు వేరే ఒంట్లో తిరిగొస్తాడు.

నన్ను నిద్రపోనివ్వనిది ఒక్క సీనే. లోటస్ పియర్‌లో, అంటే జియాంగ్ వంశం ఉండే ఆ తామరల రేవులో, వెయ్ ఊషియాన్ అనుచరుడు వెన్ నింగ్ వచ్చి సుయ్‌బియెన్ కత్తిని జియాంగ్ చెంగ్ ముందు చాపి దూయమంటాడు. యజమాని చనిపోయాక తనంతట తాను ఒరలో బిగుసుకుపోయిన కత్తి అది, ఇన్నేళ్ళూ ఎవరు లాగినా రాలేదు. జియాంగ్ చెంగ్ లాగితే వచ్చేస్తుంది. ఆ కత్తి నిన్ను వెయ్ ఊషియాన్ అనుకుంటోంది, ఎందుకంటే నీ ఒంట్లో తిరుగుతున్నది అతని బంగారు గుళికే (ఏళ్ళ సాధనతో ఒంట్లో పండే శక్తి) అని వెన్ నింగ్ చెబుతాడు. అంతవరకూ కోపంతో ఊగిపోతున్న మనిషి ముఖం ఒక్కసారిగా పసిపిల్లాడి ముఖం అయిపోయింది. నేను ఏడ్చేశాను.

కానీ ఏడుపు తగ్గాక నాకు కోపం వచ్చింది, అదీ జియాంగ్ చెంగ్ మీద కాదు, వెయ్ ఊషియాన్ మీద. శత్రువులు జియాంగ్ చెంగ్ గుళికను కరిగించేస్తే, తన శక్తినంతా కోయించి తీసి అతనికి పెట్టించి, ఆ సంగతి వాడికి చెప్పకుండా, ఎవరో కొండమీది సన్యాసిని బాగుచేసిందని అబద్ధం చెప్పి నమ్మించాడు. ఆ అబద్ధం మీదే జియాంగ్ చెంగ్ తన బతుకంతా కట్టుకున్నాడు. అన్నేళ్ళు అతన్ని ద్వేషించాడు, ఆ ద్వేషానికి బలం కూడా అతను ఇచ్చిన గుళిక నుంచే వచ్చింది. ఇంత పెద్ద సాయం అవతలి మనిషిని అడగకుండా చేయొచ్చా? ఇలా అనిపించడం నాకొక్కదానికేనా?

ఇంకొకటి, ఈ సంగతి ముందే తెలిసేలా గుర్తులు పెట్టారా? నేనేమో ఏదీ పట్టుకోలేకపోయాను.

ఇత్తడి_గంట

కొలనుగట్టు గారూ, మీ రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే గుర్తులన్నీ కళ్ళ ముందే ఉన్నాయి, మనం వేరే అర్థం చేసుకున్నామంతే.

శవాల గుట్టలనే చోటు నుంచి తిరిగొచ్చాక వెయ్ ఊషియాన్ కత్తి పట్టుకోవడం మానేస్తాడు. సభలకు ఖాళీ చేతులతో వస్తాడు. మిగతా వంశాలవాళ్ళు పొగరన్నారు, జియాంగ్ చెంగ్ పరువు తీస్తున్నావన్నాడు, చూస్తున్న మనం కూడా స్టైల్ అనుకున్నాం. నిజానికి ఆ కత్తి నడవాలంటే కడుపులో గుళిక ఉండాలి, అతని దగ్గర అది లేదు. ఒక మనిషి తన లోటును పొగరు వెనక దాచుకున్నాడు, ఆ పొగరును చూసి లోకమంతా అతన్ని అసహ్యించుకుంది. రెండోసారి చూసినప్పుడు ఆ విందు సీన్లన్నీ భరించలేం.

జిన్‌దాన్ అనే మాటకు బంగారు గుళిక అనే అర్థం. ఇది రచయిత్రి కల్పించినది కాదు, దావో మతంలో పాతకాలం నుంచి ఉన్నదే. మొదట్లో నిజంగానే సింధూరం, పాదరసం, సీసం కలిపి మరణం లేకుండా చేసే మందు కాచేవాళ్ళు, మన రసవాదుల్లాగే. తాంగ్ వంశపు చక్రవర్తుల్లో కొందరు ఆ మందులు తినే చనిపోయారు. తర్వాత అదే భాషను లోపలి సాధనకు వాడారు, ఒళ్ళే కొలిమి, ఊపిరే మంట, బొడ్డు కింద ఉండే చోటు పేరు దాన్‌తియెన్, అంటే గుళిక పండే పొలం. ఏళ్ళ తరబడి సాధన చేస్తే అక్కడ పండేది ఈ గుళిక. అందుకే అది ఊడిపోవడమంటే చేయి పోవడం లాంటిది కాదు, ఆ మనిషి అప్పటిదాకా బతికిన బతుకు తుడిచిపెట్టుకుపోవడం. శత్రువులైన వెన్ వంశం మనిషి వెన్ జూలియు జియాంగ్ చెంగ్ గుళిక కరిగించేశాక అతను మంచం మీద ఎందుకలా శవంలా పడి ఉంటాడో దీన్నిబట్టి అర్థమవుతుంది.

నవల్లో ఇంకో వివరం ఉంది. వెన్ చింగ్ అనే వైద్యురాలు ఆ శస్త్రచికిత్స చేయడానికి రెండు రాత్రులు, ఒక పగలు పట్టింది, ఇచ్చే మనిషి అంతసేపూ మెలకువగా ఉండాలి, ఫలితం వచ్చే అవకాశం సగానికి సగం. సగమంటే చాలు అని ఒప్పుకున్నవాడు వెయ్ ఊషియాన్.

కత్తి పేరు సంగతి కూడా చూడండి. సుయ్‌బియెన్ అంటే "ఏదో ఒకటి" అని. పేరేం పెట్టమంటావని గురువు అడిగితే ఏదీ తోచక ఏదో ఒకటి అన్నాడు, అదే చెక్కించేశారు. సరదాగా పెట్టిన పేరు. కానీ అన్ని కత్తుల్లోకీ యజమాని విషయంలో పట్టుదల ఉన్నది అదే, వేరే ఎవరి చేతికీ లొంగలేదు. జిన్ వంశం నివాసమైన కోయ్ టవర్‌లో వేరే ఒంట్లో తిరిగొచ్చిన వెయ్ ఊషియాన్ ఆత్మను గుర్తుపట్టింది, లోటస్ పియర్‌లో జియాంగ్ చెంగ్ కడుపులో ఉన్న గుళికను గుర్తుపట్టింది. ఆ కత్తి దృష్టిలో వాళ్ళిద్దరూ ఒకే మనిషి.

మిట్టమధ్యాహ్నం

గంట గారు చెప్పింది బాగుంది. కానీ కొలనుగట్టు గారి కోపంతో నేను ఒప్పుకోను.

ఒకసారి ఆ రోజులు గుర్తు చేసుకోండి. ఊరు తగలబడింది, తల్లీ తండ్రీ చచ్చిపోయారు, వంశానికి వారసుడు ఒక్కడే మిగిలాడు, వాడు అన్నం ముట్టడు, బతకనంటాడు. పడవలోకి నెట్టేసేటప్పుడు జియాంగ్ చెంగ్ తల్లి మేడమ్ యూ ఏం చెప్పింది? ప్రాణం పోయినా సరే జియాంగ్ చెంగ్‌ను కాపాడు అనే కదా. ఆవిడ జీవితమంతా వెయ్ ఊషియాన్‌ను నౌకరు కొడుకని తిడుతూనే ఉంది, చివరి మాటగా మాత్రం కొడుకును అతని చేతుల్లోనే పెట్టింది. అలాంటి మాట మోస్తున్న కుర్రాడు "నా గుళిక నీకిస్తాను, తీసుకుంటావా" అని అడిగితే జియాంగ్ చెంగ్ ఏమంటాడు? చచ్చినా తీసుకోడు. అతని అభిమానం మనకు తెలియనిదా? అడగడమంటే వద్దనిపించుకోవడమే, వద్దంటే వాడు చస్తాడు. ఇంకేం చేయాలి చెప్పండి?

ఆ తర్వాత ఎందుకు చెప్పలేదంటారా, చెబితే ప్రతిరోజూ, కత్తి తీసిన ప్రతిసారీ, ఇది నాది కాదు అనుకుంటూ బతకాలి. చిన్నప్పటి నుంచీ నాన్నకు వాడంటేనే ఇష్టం, వాడే నాకంటే గొప్ప అనే బాధతో పెరిగినవాడు జియాంగ్ చెంగ్. నీ బలం కూడా వాడిదేరా అని అతనికి ఎవరైనా ఎలా చెబుతారు? నన్నడిగితే చెప్పకపోవడమే ఆ దానంలో అసలు భాగం. కోత నొప్పి రెండు రాత్రుల్లో అయిపోయింది, చెప్పకుండా తిట్లు పడటం మాత్రం చచ్చేదాకా సాగింది.

కొలనుగట్టు

మిట్టమధ్యాహ్నం గారూ, అడిగితే తీసుకోడన్నది నిజమే, అది నేను ఒప్పుకుంటున్నాను. కానీ తీసుకోడని తెలిసి కూడా పెట్టడమంటే అతని తరఫున మీరే నిర్ణయించేసినట్టు కదా. బతకాలా వద్దా, ఎలా బతకాలి అన్నది. ప్రేమతోనే చేశాడు, అందులో నాకు సందేహం లేదు. నాకు నొప్పి ఎక్కడంటే, నిజం తెలిసిన రోజు జియాంగ్ చెంగ్‌కు తిట్టడానికి కూడా దారి లేకుండా పోయింది. కృతజ్ఞత చూపిద్దామంటే 13 ఏళ్ళు ఆలస్యం, ముట్టడికి ముందుండి నడిపిన చేతులు తనవే. కోప్పడదామంటే ఏ ముఖంతో? పాపం, చివర్లో గ్వాన్‌యిన్ (చైనావాళ్ళ కరుణాదేవి) గుడిలో నిలబడి చిన్నపిల్లాడిలా ఏడవడం తప్ప ఏం మిగల్చలేదు.

రెండో_అబ్బాయి

నేను ఇక్కడ ఎప్పుడూ చదవడమే, రాయను. ఈసారి రాయాలనిపించింది.

నాన్న పోయేసరికి అన్నయ్య ఇంటర్ రెండో సంవత్సరం, నేను ఏడో తరగతి. పరీక్షలయ్యాక అన్నయ్య బట్టల కొట్లో పనికి చేరాడు. నాకు చదువు అబ్బలేదురా, ఎంట్రన్స్ రాశాను కానీ ర్యాంకు రాలేదు అన్నాడు. మేమంతా నమ్మాం. నేను ఇంజినీరింగ్ చదివాను, ఫీజులు అన్నయ్యే కట్టాడు, ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది. ఇల్లు మారుతున్నప్పుడు అమ్మ ట్రంకుపెట్టె అడుగున చీరల కింద ఒక ర్యాంకు కార్డు దొరికింది. అన్నయ్య పేరు మీద. నాకొచ్చిన ర్యాంకు కంటే చాలా మంచి ర్యాంకు.

జియాంగ్ చెంగ్ చేతిలో ఆ కత్తి బయటికొచ్చినప్పుడు నాకు ఆ ట్రంకుపెట్టే కనబడింది.

మీరు నమ్మరేమో, నాకు మొదట వచ్చింది కోపమే. అన్నయ్యతో నెల రోజులు సరిగా మాట్లాడలేదు, ఎందుకో ఆయనకు చెప్పలేదు కూడా. ఆ కోపం దేనికంటే, ఇన్నేళ్ళలో చుట్టాల పెళ్ళిళ్ళలో, నలుగురిలో, మా అన్నయ్యకు చదువు అబ్బలేదండీ అని ఎన్నిసార్లు అన్నానో నాకే తెలియదు. ఒక్కోసారి ఆయన పక్కనే ఉండేవాడు. నవ్వుతూ ఉండేవాడు. కత్తి ఎందుకు పట్టుకురాలేదని అందరి ముందూ జియాంగ్ చెంగ్ నిలదీసినప్పుడు వెయ్ ఊషియాన్ కూడా అలాగే నవ్వి ఏదో అనేస్తాడు చూడండి, ఆ నవ్వును నేను ఎదురుగా చూశాను.

అందుకని నేను ఇద్దరి వైపూ మాట్లాడలేను. కొలనుగట్టు గారు చెప్పిన కోపం నిజం, అది ఉంటుంది, తప్పు కాదు. మిట్టమధ్యాహ్నం గారు చెప్పింది కూడా నిజం, అప్పుడు చెప్పి ఉంటే ఏడో తరగతి పిల్లాణ్ణి నేనేం చేసేవాణ్ణి.

నవల చదివినవాళ్ళు చెప్పండి, ఆ కత్తి పట్టుకుని జియాంగ్ చెంగ్ తర్వాత ఏం చేస్తాడు?

ఇత్తడి_గంట

తమ్ముడూ, మీరు రాసింది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

నవల్లో అయితే ఆ రాత్రి అతను లోటస్ పియర్ అంతా పిచ్చివాడిలా పరిగెత్తుతాడు. కనబడ్డవాళ్ళందరి చేతిలో ఆ కత్తి పెట్టి దూయమంటాడు. ఒక్కరి చేతిలోనైనా వస్తే వెన్ నింగ్ చెప్పింది అబద్ధమవుతుంది కదా. ఎవరి చేతిలోనూ రాదు.

తెల్ల_కాగితం

పేర్ల గురించి ఎవరూ ఎత్తలేదేమని చూస్తున్నాను, ఈ కథలో సగం పేర్లలోనే ఉంది. నాకు చైనీస్ కొద్దికొద్దిగా వచ్చు, నాలుగేళ్ళుగా నేర్చుకుంటున్నాను, తెలిసినంత రాస్తాను.

జియాంగ్ చెంగ్ కత్తి పేరు సాన్‌దు. అంటే మూడు విషాలు. ఇది మనకు పరాయిది కానే కాదు, బౌద్ధంలో చెప్పే రాగం, ద్వేషం, మోహం, ఆ మూడే. టిబెట్ వాళ్ళు గీసే భవచక్రం బొమ్మ మధ్యలో కోడి, పాము, పంది ఒకదాని తోక ఒకటి పట్టుకుని తిరుగుతుంటాయే, అవే ఇవి. మనిషిని పుట్టుక నుంచి పుట్టుకకు తిప్పేవి. ఆ పేరున్న కత్తిని నడుముకు కట్టుకుని తిరిగేవాడు జియాంగ్ చెంగ్, నాకు కావాలి అనే ఆశ, పోయిందనే ద్వేషం, కళ్ళ ముందున్నది కనబడనివ్వని మోహం. అతన్ని చెడ్డవాడని తేల్చేసేవాళ్ళకు నేనెప్పుడూ ఇదే చెబుతాను, రచయిత్రి ఆ మూడింటినీ అతని నడుముకు కట్టింది, వాటిని దాటడానికి అతను పడే యాతనంతా మనకు చూపించింది.

కథలో ఇంకో పెద్ద వంశమైన లాన్ వంశం సంగతి వేరు. వాళ్ళ మూలపురుషుడు ఒకప్పుడు భిక్షువు. సంఘారామం అనే సంస్కృత మాట చైనాకు వెళ్ళి చిన్నదై అందులోంచి వచ్చిందే ఆ లాన్ అనే ఇంటిపేరు అని నవల్లోనే ఉంది. నాగార్జునకొండ, తొట్లకొండ చూసినవాళ్ళకు సంఘారామం అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. వాళ్ళ తెల్ల బట్టలూ, నుదుటి పట్టీ, గోడకు చెక్కిన వేల నియమాలూ అక్కడి నుంచే. ఆ పట్టీ అర్థం నిగ్రహం, నిన్ను నువ్వు అదుపులో పెట్టుకోవడం. ఎవరి ముందు ఆ అదుపు అక్కర్లేదో వాళ్ళు తప్ప ఇంకెవరూ దాన్ని ముట్టుకోకూడదు. విలువిద్య పోటీలో వెయ్ ఊషియాన్ దాన్ని లాగేసినప్పుడు లాన్ వాంగ్జీకి అంత కోపం ఎందుకొచ్చిందో మొదటిసారి నాకూ అర్థం కాలేదు.

ఇక తామర. జియాంగ్ వంశం ఉండే ప్రాంతం యున్‌మెంగ్ అనేది నిజంగా ఉన్న పేరే, ఇప్పటి హూబెయ్ రాష్ట్రం వైపు పూర్వం ఉన్న పెద్ద చిత్తడి నేల. ఆ రాష్ట్రాన్ని వేయి చెరువుల నేల అంటారు. జియాంగ్ యాన్లీ తమ్ముళ్ళకు వండి పెట్టే తామర దుంపల, పక్కటెముకల సూప్ అక్కడ ఇళ్ళల్లో రోజూ వండుకునేదే, సిరీస్ కోసం పుట్టించినది కాదు. వాళ్ళు చెరువులో దొంగతనం చేసి ఒలుచుకు తినేవి పచ్చి తామర గింజలు. మన దగ్గర తామర గింజలని అమ్మే మఖానా వేరే మొక్కది, దాన్ని ఊహించుకోకండి. సోంగ్ కాలంలో ఝౌ దున్‌యీ అనే ఆయన తామర మీద ఒక చిన్న వ్యాసం రాశాడు, బురదలోంచి వచ్చినా మరక అంటదు అని, చైనాలో బడిపిల్లలకు కూడా తెలుసు. మనకు గీతలో తామరాకు మీద నీటిబొట్టు ఉన్నట్టే. ఇప్పుడు చూడండి, చచ్చిన శవాలను లేపే విద్య నేర్చి లోకమంతా ఛీ అన్న మనిషి పెరిగింది తామరల రేవులో.

చివరిది, నాకు అన్నిటికంటే బాధ కలిగించేది. అతని పిల్లనగ్రోవి పేరు చెన్‌చింగ్. అంటే మనసులో ఉన్నది విన్నవించుకోవడం. పూర్వం లీ మీ అనే ఆయన, ముసలి నానమ్మను వదిలి కొలువుకు రాలేనని చక్రవర్తికి రాసుకున్న విన్నపం ఒకటుంది, దాని పేరులోదే ఆ మాట. కొలనుగట్టు గారు చెప్పలేదు, చెప్పలేదు అని బాధపడుతున్నారు కదా. ఒక్క ముక్క కూడా బయటికి చెప్పని మనిషి తన చేతిలో ఉన్నదానికి పెట్టుకున్న పేరు అది. అతను చచ్చిపోయాక ఆ పిల్లనగ్రోవిని ఎవరు దాచుకున్నారు? జియాంగ్ చెంగ్. చంపాలని తిరిగే శత్రువు వస్తువును 13 ఏళ్ళు విరగ్గొట్టకుండా, పారేయకుండా దాచి, గ్వాన్‌యిన్ గుడిలో తీసి అతని చేతికి విసురుతాడు. 

మిట్టమధ్యాహ్నం

గ్వాన్‌యిన్ గుడి అన్నారు కాబట్టి, ఆ విగ్రహం ముఖం విలన్ జిన్ గ్వాంగ్‌యావ్ తల్లిది అని తెలిసినప్పుడు నేను వెనక్కి వెళ్ళి మళ్ళీ చూశాను. ఒకప్పుడు ఆవిడ ఉన్న వేశ్యాగృహాన్ని తగలబెట్టి అదే చోట గుడి కట్టాడు, లోకం ఉమ్మేసిన తల్లికి లోకం చేతే దండం పెట్టించాడు. అన్ని పాపాలు చేసినవాడు, అక్కడ మాత్రం కొడుకు.

పిల్లనగ్రోవి పేరుకు ఆ అర్థం నాకు తెలియదండీ. నేను వెయ్ ఊషియాన్ చెప్పకపోవడమే సరైనదని రాశాను. అతనికి చెప్పుకోవాలని ఎప్పుడూ ఉండేదేమో అని ఇప్పుడు అనిపిస్తోంది.

ఇత్తడి_గంట

చెప్పనిది అతనొక్కడే కాదు కదా. జియాంగ్ చెంగ్ అసలు ఎలా దొరికిపోయాడు? అమ్మానాన్నల శవాల కోసం వెనక్కి పరిగెత్తి దొరికాడని వెయ్ ఊషియాన్ అనుకుంటాడు, మనమూ అదే అనుకుంటాం. నవల చివర్లో నిజం తెలుస్తుంది. ఊళ్ళో తిండి కొనడానికి వెళ్ళిన వెయ్ ఊషియాన్ వైపు వెన్ సైనికులు వస్తుంటే, వాళ్ళ చూపు తప్పించడానికి జియాంగ్ చెంగ్ తానే ఎదురుపడి పరిగెత్తాడు. అంటే తన గుళిక పోగొట్టుకున్నది వెయ్ ఊషియాన్‌ను కాపాడబోయి. వెయ్ ఊషియాన్ తన గుళిక ఇచ్చింది ఇతన్ని బతికించడానికి. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. గుడిలో అంతా తెలిసిపోయాక కూడా జియాంగ్ చెంగ్ నోటిదాకా వచ్చిన ఆ మాటను మింగేస్తాడు. వెయ్ ఊషియాన్‌కు అది ఇప్పటికీ తెలియదు.

కొలనుగట్టు

గంట గారూ, ఇది నాకు తెలియదు. అస్సలు తెలియదు.

అయితే ఆఖరికి జియాంగ్ చెంగ్ కూడా అదే పని చేశాడు. నేను దేనికి కోప్పడ్డానో సరిగ్గా అదే. అవతలివాడు మోయలేడని తానే మోసుకున్నాడు. ఇప్పుడు నేను ఎవరి మీద కోప్పడాలి?

రెండో_అబ్బాయి గారూ, అడగొచ్చో లేదో. మీరు ఆ ర్యాంకు కార్డు సంగతి అన్నయ్య గారికి చెప్పారా?

రెండో_అబ్బాయి

చెప్పలేదండీ. కార్డు మళ్ళీ చీరల కిందే పెట్టేశాను.

కానీ మీ ప్రశ్న చదివాక నిన్న ఆదివారం అన్నయ్య ఇంటికి వెళ్ళాను. ఫోన్లో ఆ ఒక్క సీన్ పెట్టి చూపించాను. ఆయన ఇలాంటివి చూడడు, చైనా బొమ్మల సినిమా ఏంట్రా అన్నాడు. కథ క్లుప్తంగా చెప్పాను, వాడు వీడికి ఒంట్లో శక్తి అంతా ఇచ్చేశాడు, వీడికి ఇప్పుడే తెలిసింది అని. కళ్ళజోడు పెట్టుకుని పూర్తిగా చూశాడు. చూసి ఫోన్ నా చేతికిచ్చి, "ఆ తమ్ముడెందుకు అంత ఏడుస్తున్నాడు, వాడి తప్పేముంది ఇందులో" అన్నాడు.

తర్వాత వదిన భోజనానికి పిలిచింది.